నీళ్లడుగున చెత్త ఏరాలంటే సంచి కన్నా ముందు కత్తెర

సముద్రంలో చెత్త ఏరివేత అనగానే పడవ మీద గుట్టగా పోసిన సీసాలు, టైర్ల ఫొటో, దాని కింద ఇన్ని కిలోలు అన్న లెక్క. ఆ లెక్క చూసి మురిసిపోనక్కర్లేదు. టైరు బోలెడు తూగుతుంది, కానీ చాలాసార్లు అది పడ్డచోట పడి ఉంటుందంతే. యాభై గ్రాములు కూడా తూగని గాలపు దారం మాత్రం పగడపు కొమ్మలకు చుట్టుకుని, అల ఊగినప్పుడల్లా రంపంలా రాసుకుంటూనే ఉంటుంది. వదిలేసిన వల ఇంకా ఘోరం. అందులో చేప చిక్కి చస్తుంది, దాన్ని తినడానికి వచ్చిన పీత చిక్కుతుంది, ఆ పీత కోసం ఇంకోటి వస్తుంది. మనుషులెవరూ లేకుండానే వేట సాగిపోతుంది.

అందుకే చెత్త ఏరడానికి దిగే డైవర్లు సంచి కన్నా ముందు కత్తెర సంగతి చూసుకోవాలి. కత్తితో దారం కోయాలంటే దాన్ని బిగలాగి పట్టుకోవాలి, లాగితే అవతలి చివర పగడం విరుగుతుంది. ప్రథమ చికిత్సలో బట్టలు కత్తిరించే మొద్దు మొన కత్తెర వదులుగా వేలాడే దారాన్ని కూడా తెంపేస్తుంది. రెండు కత్తెరలు పెట్టుకోండి, ఏ చేత్తోనైనా అందేలా వేర్వేరు చోట్ల. చిక్కుకునేది మీ కుడిచేయే కావచ్చు కదా.

పగడానికి చుట్టుకున్న దారాన్ని ఒక్క పోగుగా ఊడదీయాలని చూడొద్దు. ప్రతి చుట్టుకూ అటూ ఇటూ తెంపి, ముక్కలుగా తీయాలి. తీసిన దారాన్ని చేతికి చుట్టుకోవడం అందరూ చేసే తప్పు: అవతలి చివర ఎక్కడో పట్టేసి ఉంటే చెయ్యి ఉచ్చులో పడ్డట్టే. చిన్న ప్లాస్టిక్ రీలుకో ఖాళీ సీసాకో చుట్టండి. గాలాలు మూత గట్టిగా పడే డబ్బాలో వేయాలి, మెష్ సంచిలో వేస్తే గుచ్చుకుని బయటికి పొడుచుకొస్తాయి. దారాన్ని స్పాంజో (రాళ్లకు అతుక్కుని పెరిగే సముద్ర జీవి) పగడమో కప్పేసి, అది లోపలికి వెళ్లిపోయి ఉంటే బయట కనిపించినంత వరకే తెంపి, మిగతాది వదిలేయాలి.

సంచితో వచ్చే ఇబ్బంది బరువు. నిండేకొద్దీ మిమ్మల్ని కిందికి లాగుతుంది, మీరు బీసీడీలోకి (తేలడానికి గాలి నింపుకునే డైవింగ్ జాకెట్) గాలి కొడుతూ పోతారు. ఆ స్థితిలో సంచి చేజారితే మీరు బెండులా పైకి తన్నుకుపోతారు, అప్పుడు ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు, రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలై ప్రమాదం తేవొచ్చు. కాబట్టి నీళ్లలో నాలుగైదు కిలోలు దాటితే సంచి కట్టేసి, బడ్డీతో (జోడీగా దిగిన డైవర్‌తో) కలిసి పైకి పంపే ఏర్పాటు చూడాలి. సంచి చేత్తో పట్టుకోండి, ఒంటికి కట్టుకోవద్దు. ఇంకోటి, ఈ పనిలో ఊపిరి వేగం పెరుగుతుంది. ట్యాంకులో గాలి పీడనం 200 బార్‌తో దిగితే 100 దగ్గరే పని ఆపేయాలి.

అంతకన్నా బరువైన వాటికి లిఫ్ట్ బ్యాగ్, అంటే గాలి నింపితే బరువును పైకి లేపే సంచి. దీనికి శిక్షణ తప్పనిసరి, ఎందుకో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. 20 మీటర్ల లోతులో నీటిలో 20 కిలోలు తూగే వల ఉందనుకుందాం. ఒక లీటరు గాలి సుమారు ఒక కిలో లేపుతుంది, అంటే అక్కడ 20 లీటర్లు కావాలి. ఆ లోతులో పీడనం 3 బార్ కాబట్టి ట్యాంకు లోంచి పోయేది 60 లీటర్లు, 12 లీటర్ల ట్యాంకులో 5 బార్. అది పెద్ద ఖర్చేం కాదు. తంటా పైకెళ్తున్నప్పుడు వస్తుంది: 10 మీటర్లకు చేరేసరికి ఆ 20 లీటర్లే 30 అవుతాయి. 50 లీటర్ల బ్యాగ్ అయితే ఆ గాలంతా అందులోనే ఉండిపోయి వేగం పెరుగుతూ పోతుంది. అడుగు తెరిచి ఉన్న 25 లీటర్ల బ్యాగ్ అయితే ఎక్కువైనది కింద నుంచి కారిపోతుంది. వల ఇంకా రాతికి పట్టేసి ఉండగా గాలి నింపడం మరో పొరపాటు. రావట్లేదని నింపుతూ పోతారు, ఉన్నట్టుండి ఊడుతుంది. ముందు అన్ని పట్లూ తెంపి, ఆ తర్వాతే నింపాలి. పైన బ్యాగ్ ఒరిగితే గాలి పోయి సరుకంతా తిరిగి కిందికొస్తుంది, కాబట్టి దాని కింద ఎవరూ ఉండకూడదు.

ముట్టుకోకూడనివి: మూసిన డ్రమ్ములు, బ్యాటరీలు, సిరంజిలు, మందుగుండులా కనిపించేదేదైనా. చోటు గుర్తు పెట్టుకుని అధికారులకు చెప్పండి. మునిగిన పాత ఓడల సామాను కూడా అంతే. తేలుతున్న బోయాకు కట్టి ఉన్న వల ఎవరిదో బతుకుతెరువు కావచ్చు, కనుక్కోకుండా కోయొద్దు. సీసాలు, డబ్బాల లోపల చూడండి: ఆక్టోపస్ కాపురం పెట్టి ఉంటే దానికే వదిలేయాలి.

పైకి వచ్చాక నీళ్లు ఓడ్చి, నాచు దులిపి తూచాలి. తడి వల నీళ్ల బరువుతో కలిపి తూస్తే ఆ అంకెకు అర్థం లేదు. వల ఏ ప్లాస్టిక్కో తెలియాలంటే శుభ్రమైన చిన్న ముక్క కోసి, బుడగలు పోయేలా నలిపి మంచినీళ్ల బకెట్‌లో వేయండి. తేలితే పాలిథిలీనో పాలీప్రొపిలీనో, మునిగితే నైలానో పాలిస్టరో. నైలాన్‌ను రీసైకిల్ చేసేవాళ్లు ఉన్నారు, కానీ కలగలిపి ఇస్తే తీసుకోరు. సీసపు గుండ్లు విడిగా తీసేయాలి.

రాసుకోవడం అందరికీ విసుగే, అయినా కిలోల కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది. 2011లో డైవర్ల పర్యావరణ సంస్థ పాడి అవేర్ (అప్పట్లో పేరు ప్రాజెక్ట్ అవేర్) మొదలుపెట్టిన డైవ్ అగెయినెస్ట్ డెబ్రీ పద్ధతిలో ప్రతి వస్తువునూ రకాన్ని బట్టి లెక్కపెడతారు. ఒడ్డున ఏరినవి, నీటిపై తేలుతుంటే పట్టుకున్నవి అందులో కలపరు. వెళ్లిన చోటికే మళ్లీమళ్లీ వెళ్లాలి. ఏమీ దొరకని రోజు కూడా సున్నా అని రాయాలి. రాయకపోతే ఆ రోజు అక్కడ చెత్త లేదో, అసలు ఎవరూ దిగనే లేదో ఆ జాబితా చూసేవాళ్లకు తెలియదు.