128 జీబీ మెమరీ కార్డు కోసం మూడు శనివారాలు

మొదటి శనివారం. అమీన్‌పూర్ చెరువు దగ్గర లకుముకి పిట్ట నీళ్లలోకి దూకింది. బటన్ నొక్కిపట్టి ముప్పై ఫొటోలు కొట్టాను. అది చేపతో పైకి లేచేసరికి కెమెరా మొరాయించింది, ఎర్ర లైటు మాత్రం వెలుగుతూ ఉంది, అంటే ఫొటోలు ఇంకా కార్డులోకి రాస్తూనే ఉంది. నా కెమెరాలో ఒక్కో రా ఫైలు, అంటే సెన్సారు పట్టింది పట్టినట్టే దాచే ఫొటో, దాదాపు 27 ఎంబీ. ముప్పై అంటే 810 ఎంబీ. పాత కార్డు సెకనుకు 20 ఎంబీ రాస్తుంది, అంటే నలభై సెకన్లు. ఆలోపు పిట్ట చేపను మింగేసి ఎగిరిపోయింది కూడా.

రెండో శనివారం. ఈ రోజు కొనకూడదు, ధరలు అడిగి వచ్చేయాలి అనుకుని కోఠి వెళ్లాను. మొదటి గంట దండగ. "128 జీబీ ఎంత?" అంటూ తిరిగాను కానీ ఒక్కొక్కరు చెప్పిన ధర ఒక్కో రకం కార్డుది. ఒకే కంపెనీలో మూడు రకాలుంటాయి, పేరులో ఒక్క మాటే తేడా. అట్ట మీద పెద్దగా కనిపించే 170, 200 అంకెలు చదివే వేగం, అంటే కార్డులోంచి ఫొటోలు బయటికి తీసే వేగం. నాకు కావాల్సింది రాసే వేగం, అది వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కొన్నిటి మీద అసలు ఉండదు. వీ30 అంటే సెకనుకు కనీసం 30 ఎంబీ రాస్తుందని. వీడియోకి చాలు, పిట్టలకి చాలదు. వెనక రెండు వరుసల పిన్నులున్న యూహెచ్‌ఎస్-2 కార్డు, ఇంకా వేగంగా రాసే రకం, కూడా చూపించారు. నా కెమెరా స్లాటు యూహెచ్‌ఎస్-1, అంత డబ్బు పోసినా ఆ వేగం రాదు.

అప్పటి నుంచి తెలివొచ్చింది. కావాల్సిన కార్డు అట్ట రెండు వైపులా ఫోన్లో ఫొటో తీసుకుని అదే చూపించాను. ఒక కొట్టులో 1,650 అన్నారు.

"బిల్లు ఇస్తావా అన్నా?"

"బిల్లంటే జీఎస్టీ పడుతుంది సార్, 1,950."

ఇంకో కొట్టులో అచ్చం అలాంటి అట్టే, 850. చేతిలోకి తీసుకుని చూస్తే అక్షరాలు కాస్త అలుక్కుపోయినట్టున్నాయి. మారు మాట్లాడకుండా వచ్చేశాను. కంప్యూటర్ కొట్లుండే సికింద్రాబాద్ సీటీసీలో బిల్లుతో 1,900. ఆన్‌లైన్లో అప్పుడు 1,849 ఉండేది కానీ అమ్మేవాళ్ల పేరు రోజుకొకటి మారుతూ ఉండేది.

మూడో శనివారం. సీటీసీలోనే కొన్నాను. యాభై ఎక్కువే, అయినా వారంటీకి వెళ్లాలంటే చేతిలో బిల్లుండాలి, తగాదా పెట్టుకోవడానికి ఎదురుగా ఒక మనిషుండాలి. ఇంటికొచ్చి ఫొటోలు తీయకముందే కార్డుల్ని పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాం కంప్యూటర్లో నడిపాను. అది కార్డు మొత్తాన్ని నింపి, రాసింది రాసినట్టే ఉందో లేదో మళ్లీ చదివి చూస్తుంది. నకిలీ కార్డయితే ఇక్కడే దొరికిపోతుంది. యూఎస్‌బీ 3 రీడర్‌తో గంట దాకా పట్టింది, తప్పులేమీ లేవు. కంప్యూటర్లో 119 జీబీ చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే.

సాయంత్రం చెరువు దగ్గర మళ్లీ ముప్పై కొట్టాను. ఎర్ర లైటు 11 సెకన్లకు ఆరింది. లకుముకి మాత్రం రాలేదు, కొంగలతోనే సరిపెట్టుకున్నాను.