ఆవకాయ ముందా, ‘మా గురించి’ ముందా

మే నెలాఖరు, బుధవారం

కొత్తపేట ఆంటీ వాళ్ళ స్వగృహ ఫుడ్స్ సైటుకి మెనూ, అంటే పైన వరసగా ఉండే లింకులు, కట్టే పని ఇవాళ చాలావరకు తెమిలింది. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని చేసుకోదగ్గ పనే. అయినా ఎస్సార్ నగర్‌లో మెట్రో ఎక్కి, విక్టోరియా మెమోరియల్‌లో దిగి, ల్యాప్‌టాప్ పట్టుకుని ఆ ఎండలో కొట్టుకే వెళ్ళాను. మెనూలో ఏది ముందుండాలో తెలియాలంటే గల్లాపెట్టె పక్కన కాసేపు కూర్చోవాలి. నాకు తెలిసిన దారి అదొక్కటే.

నిన్నటిదాకా ఆ సైటు నెత్తిన కార్ట్, చెకౌట్, మై అకౌంట్, శాంపిల్ పేజ్, షాప్ అని వరసగా ఉండేవి. ఎవరూ పెట్టినవి కావు. ఈ సైటు కట్టిన వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో మెనూ ఏదీ కేటాయించకపోతే, చాలా థీములు (సైటు రూపురేఖలు చూసుకునేవి) ఉన్న పేజీలన్నీ తెచ్చి అక్కడ పరిచేస్తాయి, అదీ ఇంగ్లీషు అక్షరక్రమంలో. సైటులో అమ్మకాల కోసం దానికి తగిలించే వూకామర్స్ వెయ్యగానే తనకి కావలసిన పేజీలు తనే పుట్టించుకుంటుంది, అవి కూడా వచ్చి ఆ వరసలో నిలబడతాయి. పచ్చడి కొందామని వచ్చినవాడికి మొట్టమొదట కనపడేది ఖాళీ కార్ట్! 2010లో వర్డ్‌ప్రెస్ 3.0 వెర్షన్‌తో మన ఇష్టప్రకారం మెనూ కట్టుకునే ఏర్పాటు వచ్చింది కాబట్టి సరిపోయింది, అంతకుముందు థీమ్ ఎలా పేరిస్తే అలా సర్దుకుపోవడమే ఎక్కువ.

డాలస్‌లో ఉన్న వాళ్ళబ్బాయి రాత్రే వాట్సాప్‌లో లిస్టు పంపాడు. హోమ్, మా గురించి, మా కథ, మా విలువలు, ఉత్పత్తులు, గ్యాలరీ, సంప్రదించండి. ఏడుకి మించకూడదు, సైకాలజీలో ఉంది అని వాయిస్ మెసేజ్ కూడా. ఈ ఏడు గొడవ 1956లో జార్జ్ మిల్లర్ అనే సైకాలజిస్టు రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఆయన రాసింది మనిషి అప్పటికప్పుడు బుర్రలో ఎన్ని పట్టుకోగలడన్న సంగతి. మెనూ కళ్ళెదురుగానే ఉంటుంది, దాన్ని బట్టీ పట్టాల్సిన ఖర్మ ఎవరికీ లేదు. అబ్బాయికి ఇదంతా చెప్పలేదు, అక్కడ అర్ధరాత్రి దాటింది.

కొట్లో మాత్రం బేరం జోరుగా ఉంది. వచ్చినవాళ్ళు అడిగేవి వింటూ కూర్చున్నాను. కొత్తావకాయ కలిపారా? బెల్లం ఆవకాయ ఎప్పుడొస్తుంది? మాగాయ కాస్త రుచి చూపిస్తారా? అమెరికాకి కొరియర్ చేస్తే కేజీకి ఎంత పడుతుంది, ప్యాకింగ్ మీదేనా? ఈ చివరిది ఎంతమంది అడిగారంటే, ఆంటీ తలెత్తకుండానే గోడ మీద అంటించిన కాగితం వైపు వేలు చూపిస్తున్నారు. మీ విలువలేమిటండీ అని అడిగిన మనిషి ఒక్కరూ లేరు.

ఆ కాగితమే ‘అమెరికా కొరియర్’ పేరుతో మెనూలోకి ఎక్కింది. దాని ముందు ‘కొత్తావకాయ’. సీజన్ అయ్యాక దాన్ని లాగి పచ్చళ్ళ కింద పడేస్తే సరి.

పేచీ వచ్చింది నాన్‌వెజ్ దగ్గర. పచ్చళ్ళు అని ఒకటే పెట్టి, దాని కింద వెజ్, నాన్‌వెజ్ అని రెండు సబ్‌మెనూలు వేద్దామని నా ఆలోచన. ఆంటీ ఒప్పుకోలేదు. “నాన్నా, ఆ అర చూడు. రొయ్యలవీ చికెనువీ అటు గోడకి, ఇవి ఇటు. గరిటెలు కూడా వేరే. గోంగూర కోసం వేలు పెడితే మటన్ కనపడితే ఎట్లా?” ఆవిడ మాటకి తిరుగు లేదు. అదృష్టం ఏమిటంటే వర్డ్‌ప్రెస్‌లో కేటగిరీల చెట్టు వేరు, మెనూ చెట్టు వేరు. లోపల నాన్‌వెజ్ పచ్చళ్ళు అనేది పచ్చళ్ళకి పిల్ల కేటగిరీగానే ఉంటుంది, పైన మెనూలో మాత్రం వేరు కాపురం. వూకామర్స్ కేటగిరీల పెట్టె మెనూల పేజీలో కనపడకపోతే పైన స్క్రీన్ ఆప్షన్స్‌లో టిక్కు పెట్టాలి. దాన్ని అక్కడ ఎందుకు దాచారో వాళ్ళకే తెలియాలి.

కేటగిరీలని పెట్టెలోంచే ఎంచుకున్నాను, అడ్రసులు కాపీ చేసి కస్టమ్ లింకులుగా అతికించలేదు. పెట్టెలోంచి తెచ్చినదైతే రేపు స్లగ్ (అడ్రసులో ఆ పేజీని గుర్తించే పేరు ముక్క) మార్చినా లింకు దానంతటదే మారుతుంది. చేత్తో అతికించినది అక్కడే చచ్చిపడి ఉంటుంది.

స్లగ్ అంటే గుర్తొచ్చింది. పేర్లు తెలుగులో పెట్టి, స్లగ్‌లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాను. భాషాభిమానం లేక కాదు. అడ్రసులోకి వెళ్ళేసరికి ఒక్కో తెలుగు అక్షరమూ, ఒక్కో గుణింతపు గుర్తూ శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలవుతుంది. ‘ఆవకాయ’ ఒక్కటే 45. స్లగ్‌కి వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200. కాస్త పొడుగు పేరు పెడితే మధ్యలోనే తెగిపోతుంది. వాట్సాప్‌లో ఆ లింకు పంపితే అవతలివాళ్ళు వైరస్ అనుకుంటారు.

ఇంకో చిక్కు ఒత్తులది. పచ్చళ్ళు అని పెడితే చ ఒత్తు కింద సగం లేదు. ఇంగ్లీషు అక్షరాలు చూసుకుని చేసిన థీమ్, మెనూ వరసకి ఎత్తు మరీ బిగించి పెట్టారు. లైన్ హైట్ 1.6కి పెంచి, మండలి ఫాంటు పెట్టాక కుదురుకుంది. తెలుగు సైటు చేసేవాళ్ళు ముందు మెనూలో ‘పచ్చళ్ళు’ అని రాసి చూసి, ఆ తర్వాతే థీమ్ కొనాలని నా అభిప్రాయం.

అంతా సేవ్ చేశాక మెనూని ప్రైమరీ, అంటే పేజీ పైన ఉండే ముఖ్యమైన, స్థానానికి టిక్కు పెడితేనే సైటులో కనపడుతుంది. కట్టడం ఒకటి, చోటు చూపించడం ఇంకొకటి. ‘మా గురించి’ పేజీని ఫుటర్ మెనూకి దింపాను, కథా విలువలూ దానిలోనే కలిపేశాను. కింద వరకూ వచ్చి చదివేవాళ్ళుంటే చదువుకుంటారు.

ఆంటీ ఫోన్‌లో తెరిచి చూపించాను. ఫోన్‌లో మెనూ తెరిచే మూడు గీతలు నొక్కడం ఆవిడకి కొత్తేం కాదు. పొడులు అన్న చోట నొక్కితే కంది పొడి, నువ్వుల పొడి తెరుచుకుంటాయనుకుంటే, నేరుగా పొడుల పేజీకి వెళ్ళిపోయింది. పక్కనున్న చిన్న బాణం నొక్కితేనే జాబితా దిగుతుంది. ఆ బాణం ఆవిడ వేలికి అందదు, నా వేలికే కష్టంగా ఉంది. థీమ్ సెట్టింగులు వెతికి, ఫోన్‌లో సబ్‌మెనూలు ముందే విప్పి ఉండేలా పెట్టాను. జాబితా పొడుగైంది. “పర్లేదు, అన్నీ కనపడుతున్నాయిగా” అన్నారు.

సాయంత్రానికి డాలస్ నుంచి మెసేజ్. బాగుంది, కానీ గ్యాలరీ ఏది అని. పెట్టడానికి ఫొటోలు పంపమన్నాను. ఇంకా పంపలేదు.