మ్యూల్ డీర్ వేటకు సన్నాహం: రైఫిల్, స్కోప్ సంగతి తేలింది, ఇంకా నా వంతు ఉంది

ఏప్రిల్‌లో పెట్టిన దరఖాస్తు లాటరీ డ్రాలో తగిలి, అక్టోబర్ చివర్లో కొలరాడోలో మ్యూల్ డీర్ (అమెరికా పశ్చిమాన ఉండే పెద్ద చెవుల జింక) వేటకు ట్యాగ్, అంటే ఒక జంతువును వేటాడే అనుమతి, వచ్చింది. నేనుండేది డాలస్ పక్కన. ఆ కొండవాలుల్లో మూడు నాలుగు వందల గజాల షాట్ మామూలేనని వెళ్లొచ్చినవాళ్లు చెబుతున్నారు. అందుకే ఈ వేసవంతా ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నాను. ప్రాణమున్న జంతువు మీద ఏ దూరం దాకా ట్రిగర్ నొక్కే అర్హత నాకుంది? ఆగస్టు చివరికి లెక్క ఎక్కడిదాకా వచ్చిందో రాసి పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు ఇలాంటి వేటకు చోటు లేదు. ఇక్కడ అమెరికాలో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, లైసెన్సు, ట్యాగు ఉంటే చట్టబద్ధం. వర్క్ వీసా, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకీ ముట్టుకోవడానికే వేరే ఫెడరల్ నిబంధనలున్నాయి. రేంజికి (తుపాకీ సాధన చేసే మైదానానికి) వెళ్లే ముందే అవి కనుక్కోండి, తర్వాత కాదు.

కొలత ఏదో ముందే ఖాయం చేసుకున్నాను. జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పు ఎనిమిది నుంచి పది అంగుళాలు. నేను ఎనిమిదే పెట్టుకున్నాను. ఎనిమిది అంగుళాల పేపర్ ప్లేటు, మొదటి గుండు, చల్లటి బ్యారెల్. రెండో గుండు ప్లేటు మధ్యలో పడినా నా పుస్తకంలో దానికి మార్కు లేదు, ఎందుకంటే జింక రెండోదాని కోసం ఆగదు.

రైఫిల్ 6.5 క్రీడ్‌మోర్ అనే తూటా రకానిది, బ్యారెల్ 22 అంగుళాలు. గుండు బరువు 143 గ్రెయిన్లు (తూటాలు తూచే కొలమానం). జింకకు కనీసం 0.24 అంగుళాల క్యాలిబర్ (గుండు మందం), లోపల విచ్చుకునే రకం గుండు, 70 గ్రెయిన్ల బరువు ఉండాలని కొలరాడో నిబంధన, కాబట్టి ఆ విషయంలో బెంగ లేదు. చాలామంది మూడు గుళ్లు కాల్చి, రంధ్రాలు ఒకదాన్నొకటి తాకుతుంటే ఫొటో తీసుకుంటారు. మూడింటితో ఏమీ తేలదు. పది కాలిస్తేనే రైఫిల్ అసలు బుద్ధి బయటపడుతుంది. నా దాంట్లో పది గుళ్ల గ్రూపు (బాగా ఎడంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య కొలత) 100 గజాల దగ్గర 1.4 అంగుళాలు వచ్చింది, బెంచీ మీద, ఇసుక సంచీ ఆసరాతో. వేట రైఫిల్‌కి ఇది బాగానే ఉన్నట్టు.

అయితే ఆ 1.4ను దూరంతో గుణిస్తే సంగతి తెలుస్తుంది. 400 గజాల దగ్గర అది 5.6 అంగుళాలు అవుతుంది. ఎనిమిది అంగుళాల ప్లేటులో అటు 1.2, ఇటు 1.2 అంగుళాలు మాత్రమే మిగులుతాయి. ఈ గుండుకి అంత దూరంలో గంటకు ఒక మైలు అడ్డగాలి వీస్తే దాదాపు ఒక అంగుళం పక్కకు పోతుంది. అంటే గాలి అంచనాలో ఒకటిన్నర మైళ్లు తేడా వచ్చినా చాలు, గుండు ప్లేటు దాటిపోవచ్చు. అదే 300 గజాల దగ్గర గ్రూపు 4.2 అంగుళాలు, చెరో పక్క 1.9 మిగులుతుంది. గాలి ప్రభావం మైలుకి అర అంగుళం చొప్పున వేసుకున్నా మూడు మైళ్లకు పైగా తేడాను తట్టుకుంటుంది. అన్ని గుళ్లూ గ్రూపు అంచునే పడవన్నది నిజమే. కానీ పడినప్పుడు గాయపడేది జంతువు. అందుకే కఠినంగానే లెక్క వేసుకున్నాను. ఈ ఒక్క లెక్కతోనే నా మనసు 400 మీద నుంచి 300కి దిగింది.

స్కోప్ (రైఫిల్ మీది దుర్బిణి) పరీక్షకు ఒక పూట పట్టింది కానీ దండగ కాలేదు. పొడవాటి అట్ట మీద, తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకున్నట్టు దారానికి బరువు కట్టి వేలాడదీసి, ఆ వెంబడే గీత గీశాను. సరిగ్గా 100 గజాల దూరంలో అట్ట నిలబెట్టి, కింద గురి చుక్క పెట్టి కొన్ని గుళ్లు కాల్చాను. తర్వాత టరెట్ (గురిని పైకీ కిందికీ జరిపే బిరడా) 20 ఎంఓఏ (కోణం కొలత, ఒక్కోటి 100 గజాల దగ్గర అంగుళానికి కాస్త ఎక్కువ) పైకి తిప్పి, అదే చుక్కకు గురిపెట్టి మళ్లీ కాల్చాను. రెండు గ్రూపుల మధ్య 20.9 అంగుళాలు రావాలి. నాకు 20.6 వచ్చింది. సుమారు ఒకటిన్నర శాతం తక్కువ. 400 గజాలకు నేను తిప్పేది దాదాపు 7 ఎంఓఏ కాబట్టి ఆ తేడా అక్కడ అర అంగుళం లోపే. గుండు దారి లెక్కగట్టే ఫోన్ యాప్‌లో సవరించేశాను. పై గుళ్లన్నీ గీత మీదే పడ్డాయి, అంటే రెటికిల్ (స్కోప్‌లో కనిపించే క్రాస్‌హెయిర్ గీతలు) ఒరగలేదు. టరెట్ వెనక్కి తిప్పితే గురి మళ్లీ పాత చోటికే వచ్చింది. నాకు అన్నిటికంటే ముఖ్యం అదే. స్కోప్‌ను రైఫిల్‌కి పట్టి ఉంచే రింగుల స్క్రూలు టార్క్ రెంచ్‌తో, తయారీదారు చెప్పిన అంకెకే బిగించి, వాటి మీద నెయిల్ పాలిష్‌తో చిన్న గీత పెట్టాను. స్క్రూ వదులైతే గీత విరిగి కనిపిస్తుంది.

వేగం విషయానికొస్తే, గుళ్ల డబ్బా మీద సెకనుకి 2700 అడుగులని ఉంది. నా బ్యారెల్లో క్రోనోగ్రాఫ్ 2640 దగ్గర చూపించింది. యాప్‌లో ఇదే పెట్టాలి. పైగా నేను వెళ్లేది 8000 అడుగుల ఎత్తుకి. అక్కడ గాలి మా ఊరికంటే ఐదో వంతు పలచన, గుండు కిందికి కాస్త తక్కువ జారుతుంది. చలికి తూటాలోని తుపాకి మందు కొంచెం నెమ్మదిస్తుంది, అది రెండో వైపు లాగుతుంది. కాగితం మీద ఎంత చూసుకున్నా, అక్కడికి చేరిన రోజే జీరో (గురిపెట్టిన చోటే గుండు పడేలా చేసిన అమరిక) సరిచూసుకోవడం తప్పదు. వాలు సంగతీ ఉంది. 30 డిగ్రీల కిందికి 400 గజాలుంటే గుండు జారే లెక్కకు అది దాదాపు 346 గజాలే. నా రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) ఈ సవరణ తనే చూపిస్తుంది. గాలికి మాత్రం పూర్తి 400 లెక్కే వేసుకోవాలి.

ఇక మిగిలింది నేను. వేసవిలో ఎక్కువ సమయం దీనికే పోయింది. రేంజికి వెళ్లగానే బెంచీ జోలికి పోను. పార్కింగ్ దగ్గర ఆయాసం వచ్చేదాకా నడిచి, అప్పుడు లైను దగ్గరికి వస్తాను. కూర్చుని, దూరం చూసుకుని, టరెట్ తిప్పుకుని, అర నిమిషంలో ఒక్క గుండు. అదెక్కడ పడిందో చూసుకునే ముందే, ట్రిగర్ విడిన క్షణంలో క్రాస్‌హెయిర్ ఎక్కడుందో పుస్తకంలో రాస్తాను. తర్వాత రేంజ్ స్నేహితుడు నాకు కనపడకుండా ఒక్కో గుండు ఇస్తాడు, మధ్యలో డమ్మీ (పేలని ఉత్తుత్తి తూటా) కలుపుతాడు. డమ్మీ పడ్డప్పుడు బ్యారెల్ కదిలితే, “అన్నా, మూతి కిందికి దిగింది” అని అప్పటికప్పుడు చెప్పేస్తాడు. జూన్‌లో తరచూ వినిపించిన ఆ మాట ఇప్పుడు అరుదైంది.

ఇంట్లో డ్రై ఫైర్ (గుండు లేకుండా ట్రిగర్ నొక్కే సాధన) చేస్తాను. రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, గుళ్లు వేరే గదిలో పెట్టాకే. మా ఆవిడ స్టాప్‌వాచ్ పట్టుకుంటుంది. “ఏమండీ, ఊపిరి మరీ బిగబడుతున్నారు, మొహం ఎర్రబడుతోంది” అని తను అన్న రోజు నుంచే, ఊపిరి వదిలాక వచ్చే చిన్న విరామంలోనే ట్రిగర్ నొక్కడం అలవాటు చేసుకున్నాను. ఈ వేసవిలో నాకందిన మంచి సలహా అదే.

పుస్తకం చెబుతున్నది ఇదీ. పడుకుని బైపాడ్ (రెండు కాళ్ల ఆసరా) మీద 300 గజాల దగ్గర మొదటి గుండు నమ్మకంగా ప్లేటులో పడుతోంది. 400 గాలి లేని ఉదయాల్లోనే పడుతోంది. కూర్చుని ట్రైపాడ్ (మూడు కాళ్ల ఆసరా) మీదైతే 200 ఖాయం, 300 దగ్గర కొన్ని అంచు దాటుతున్నాయి. కొండల్లో సేజ్ పొదలు అడ్డొస్తే పడుకునే వీలుండదట, కాబట్టి కూర్చునే షాటే ఎక్కువ రావచ్చు. పైగా 400 గజాలు చేరడానికి గుండుకి అర సెకను పడుతుంది. ఆ అర సెకన్లో జింక ఒక అడుగు వేస్తే, ఊపిరితిత్తులకు పెట్టిన గురి పొట్టలో దిగుతుంది. మధ్యలో లోయ ఉంటే గాయపడ్డ జింక దగ్గరికి చేరేసరికి చీకటి పడొచ్చు. అందుకే పక్కకి తిరిగి, కదలకుండా నిలబడిన జంతువు మీదే కాలుస్తాను, ఎంత దగ్గరున్నా సరే.

రైఫిల్ స్టాక్ మీద తెల్ల టేపు అంటించి రెండు అంకెలు రాశాను: పడుకుంటే 300, కూర్చుంటే 200. గాలి గంటకు పది మైళ్లు దాటితే రెండింట్లోంచీ వంద తీసెయ్యాలి. గుళ్లన్నీ ఒకే లాట్ నంబరువి, అంటే ఒకే విడతలో తయారైనవి, కొని పెట్టాను. సెప్టెంబర్ అంతా ట్రైపాడ్ మీద 300 గజాలే సాధన. కూర్చుని కాల్చిన మొదటి గుండు వరసగా ప్లేటులో పడడం మొదలైతే రెండో అంకె మారుస్తాను. లేదంటే ఆ 200తోనే కొలరాడో వెళ్తాను.