కృప అని పిలిస్తే పలకని పిల్ల

మా అమ్మాయి పేరు కృప. డాలస్‌లో ఆరో తరగతిలో చేరిన రెండో వారానికే ఆ పేరు తనకు వద్దంది. బళ్లో పిల్లలు 'క్రీపా' అని మొదలుపెట్టి 'క్రీపీ' దాకా తెచ్చారట. అంటే, చూస్తేనే ఒళ్లు జలదరించే మనిషి అని. "ఇంట్లో కూడా గ్రేస్ అనే పిలవండి. అర్థం ఒకటేగా!" అంది. అర్థం ఒకటే, నిజమే. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

టీచరుతో మాట్లాడాం, కౌన్సెలర్‌ని కలిశాం. వెక్కిరింత ఆగింది. ప్రార్థన చేసుకుని ఊరుకుంటే చాలని నేననుకోను. పిల్లను ఎవరైనా ఏడిపిస్తుంటే వెళ్లి అడగాల్సింది మనమే. కానీ అది ఆగాక కూడా కృప అని పిలిస్తే పలికేది కాదు.

బాధ పేరొక్కటే కాదని నిదానంగా తెలిసింది. ఉగాది నాటిక రిహార్సల్లో తోటి తెలుగు పిల్లే "నువ్వు తెలుగా, క్రిస్టియనా?" అని అడిగిందట. మేం వెళ్లే చర్చిలో ఒక పెద్దావిడ, ప్రేమగానే, "మీరెప్పుడు మారారు?" అంది. అమెరికా వచ్చాక మారామనుకుంది. మాది చిత్తూరు. వేలూరు వైపు క్రైస్తవ మిషనరీల ఆర్కాట్ మిషన్ మొదలైంది 1853లో. మా ముత్తాత అక్షరాలు దిద్దుకుంది ఆ మిషన్ బళ్లోనే. సంగటి, ఊరిబిండి తింటూ తరతరాలుగా తెలుగులో ప్రార్థన చేసుకుంటున్నవాళ్లం. ఇదంతా ఆవిడకు నేను చెప్పుకోగలిగాను. పదకొండేళ్ల పిల్ల ఎవరికని చెప్పుకుంటుంది?

పోయిన జూన్‌లో చిత్తూరు తీసుకెళ్లాను. గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల లోడుతో లారీలు బారులు తీరి ఉన్నాయి. మా అమ్మ, అంటే పిల్లకు అవ్వ, వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో (సీఎంసీ) నర్సింగ్ చదివింది. 1900లో మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. "వార్డులో ఎవరినీ బెడ్ నంబరుతో పిలిచేదాన్ని కాదు అమ్మణ్ణీ. పేరు పెట్టి పిలిస్తే సగం భయం పోతుంది" అని చెబుతుండేది.

ఒక మధ్యాహ్నం అమ్మ తన బైబిల్ పిల్ల ఒళ్లో పెట్టింది. మొదటి పేజీలో మా ఇంట్లో పుట్టినవాళ్లందరి పేర్లూ తేదీలూ ఉన్నాయి. కృప పేరు దగ్గర మాత్రం పక్కనే అంకెలు, ఒకదాని కింద ఒకటి: 1400, 1350, 1340, 1365... కృప నెలలు నిండకుండా పుట్టింది. ముప్పై నాలుగు రోజులు ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో, ఉంది. అమ్మకు వీసా దొరకలేదు. రోజూ ఫోన్లో బరువు అడిగి రాసుకునేదని నాకూ ఆ రోజే తెలిసింది. నర్సు కదా, దేవుణ్ని అడిగేది, లెక్కా రాసేది.

పిల్ల వేలుతో ఒక్కో అంకెనూ తడుముకుంటూ వచ్చి 1340 దగ్గర ఆగింది. "అవ్వా, ఎందుకు తగ్గాను?"

"ముందు అందరూ తగ్గుతారు. తెలిసి కూడా ఆ రెండు రాత్రులూ నిద్రపోలేదు నేను. నాలుగో పొద్దు పెరిగినావు. అప్పుడు పేరు రాసినా."

పేరు కింద చిన్న అక్షరాలతో వాక్యం ఉంది: "నా కృప నీకు చాలును." బైబిల్లో అపొస్తలుడు పౌలు తన బలహీనత తీసేయమని వేడుకుంటే దేవుడిచ్చిన జవాబు అది. పిల్లకు తెలుగు చదవడం రాదు. అమ్మే చదివి వినిపించింది. తర్వాత యెషయా గ్రంథం తీసి, "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు" దగ్గర వేలు పెట్టింది.

నాకు లోపల ఎక్కడో గట్టిగా తగిలింది. స్పెల్లింగ్ పోటీలు, గ్రేడ్లు, పియానో అంటూ ఇక్కడ మేం పిల్లల్ని రోజూ తూకం వేస్తూనే ఉంటాం. నేనూ వేశాను. 1340 గ్రాములున్నప్పుడు కృప చేతిలో చూపించడానికి ఏముంది? కళ్లు కూడా సరిగా తెరవలేదు. అయినా మాకు గానీ, దేవుడికి గానీ తను తక్కువ కాలేదు. ఈ మాట పిల్లకు నేనెప్పుడూ చెప్పలేదు.

సాయంత్రం దాకా అవ్వ పక్కన కూర్చుని 'కృ' రాయడం నేర్చుకుంది. క కింద వట్రసుడి తిప్పడం రాక నోటుబుక్కులో రెండు పేజీలు నింపింది.

బళ్లో ఇంకా గ్రేస్ అనే రాస్తోంది. నేను అడ్డు చెప్పలేదు. రాత్రి ప్రార్థనకు కళ్లు మూసుకున్నాక మాత్రం, "దేవా, నేను, కృపని" అని మొదలుపెడుతుంది.