పాత ఎంజీబీకి ఏ మూత పెట్టాలి

ఎండలు ముదిరేసరికి, షార్జా పారిశ్రామిక వాడలో నేను పనిచేసే గ్యారేజీకి ఎంజీబీ లాంటి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు ఒక్కొక్కటిగా వస్తాయి. ఇక్కడి వేడికి తట్టుకొనేలా రేడియేటర్‌కు మరిన్ని పౌండ్ల మూత, అంటే ఇంకా ఎక్కువ ఒత్తిడికి గానీ తెరుచుకోని మూత, బిగించమని వాటి యజమానులు అడుగుతారు. నేను ఆ మాటకు వెంటనే తల ఊపను. మూత ఇంజన్‌ను చల్లబరచదు, నీరు మరగడాన్ని కొంత ఆలస్యం చేస్తుంది, అంతే. చదరపు అంగుళానికి ఒక పౌండు ఒత్తిడి పెరిగితే నీరు మరిగే వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి, 7 పౌండ్ల మూత నీటిని దాదాపు 111 డిగ్రీల వరకు, 13 పౌండ్ల మూత దాదాపు 119 డిగ్రీల వరకు మరగనివ్వవు. అయితే ఆ ఒత్తిడంతా యాభై అరవై ఏళ్ల నాటి రేడియేటర్ అతుకుల మీద, హీటర్ గొట్టాల మీద, వాటర్ పంపు సీలు మీద పడుతుంది. మూత గట్టిదైతే తెగేది మరొకటి అవుతుంది.

నేను ఈ పని నేర్చుకొన్నది విజయనగరంలో, అంబాసిడర్ టాక్సీలు బాగుచేసే ఒక షెడ్డులో. పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజను, 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారు తొలి ఇంజను, రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బి-సిరీస్ ఇంజన్ల కుటుంబానివే. 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో తయారైన ఎంజీబీలో ఉన్నది కూడా ఆ కుటుంబపు 1798 సీసీ ఇంజనే. నా వీసాలో హెల్పర్ అని ఉన్నా, ఎంజీబీ బానెట్ ఎత్తితే వాటర్ పంపు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కు నీటి దారి తెరిచే వాల్వు) గూడు, డిస్ట్రిబ్యూటర్ నా చేతులకు తెలిసిన చోటే ఉండడం వల్ల, ఆ బండ్లు వచ్చినప్పుడు నన్ను పిలవడం మొదలుపెట్టారు.

మూత ఎంపికలో పౌండ్ల కంటే ముందు చూడవలసింది మెడ లోతు. రేడియేటర్ మెడ పై అంచు నుంచి లోపలి గట్టు వరకు కొన్నింటికి ముప్పావు అంగుళం, కొన్నింటికి అంగుళం ఉంటుంది. లోతైన మెడకు పొట్టి మూత పెడితే దాని రబ్బరు గట్టును తాకనే తాకదు, ఒత్తిడి నిలవదు, నీరు పక్క గొట్టం గుండా పోతుంది. అది చూసి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగం కింద ఉండే సీలు) పోయిందని ఇంజన్ విప్పినవాళ్లున్నారు. తక్కువ లోతు మెడకు పొడవు మూత పెడితే స్ప్రింగు అతిగా నొక్కుకుపోయి, మీద అచ్చు వేసిన అంకెను దాటినా మూత తెరుచుకోదు. ఈ రేడియేటర్లలో చాలావాటికి ఎప్పుడో ఎక్కడో మెడలు మార్చి ఉంటారు కనుక కేటలాగును నమ్మకుండా వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలుస్తాను.

పలాస వైపు నుంచి వచ్చిన కుర్రవాడొకడు ఒక మూత తెచ్చి, "గురువుగారూ, దీని మీద 0.9 అనుంది, ఒక్క పౌండైనా ఆపదా ఏటి?" అని అడిగాడు. "అవి పౌండ్లు కావు బావూ, బార్లు. ఒక బారంటే పద్నాలుగున్నర పౌండ్లు. అది 13 పౌండ్ల మూతే" అని చెప్పి, మేము పనిచేస్తున్న బండి మాన్యువల్‌లో ఉన్న 10 పౌండ్ల అంకెను చూపించాను.

మూత మధ్యలో ఉండే చిన్న వాల్వును గోటితో లాగి వదిలితే చటుక్కున వెనక్కి పోవాలి. అది బిగుసుకుపోతే ఇంజన్ చల్లారేటప్పుడు లోపల ఏర్పడే శూన్యానికి పై హోస్ పైపు చదునుగా నొక్కుకుపోతుంది. పక్కన నీళ్ల సీసా అమర్చిన బండికైతే మూత పైభాగంలో కూడా రబ్బరు ఉండాలి, లేకపోతే సీసాలోని నీటికి బదులు గాలి లోపలికి వెళుతుంది.

మా జిల్లా లారీ షెడ్లలో వేసవి రాగానే థర్మోస్టాట్ పీకేస్తారు. నేను పీకను. థర్మోస్టాట్ తెరుచుకొన్నప్పుడు, నీరు రేడియేటర్‌కు వెళ్లకుండా ఇంజన్‌లోనే తిరిగే పక్కదారి మూసుకొనేలా కట్టిన ఇంజన్లలో దాన్ని తీసేస్తే కొంత వేడి నీరు రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరుగుతుంది. ఇక్కడి వాతావరణానికి 88 బదులు 74 డిగ్రీల దగ్గర తెరుచుకొనేది వేస్తాను, అయితే పూర్తిగా తెరుచుకొన్నాక అది అదనంగా చల్లబరిచేదేమీ ఉండదని యజమానికి ముందే చెబుతాను. ఇక్కడ నీరు గడ్డకట్టదు కాబట్టి కూలెంట్ మూడోవంతు చాలు, మిగతాది డిస్టిల్డ్ వాటర్; రాగి, ఇత్తడి, సీసపు అతుకులు ఉన్న రేడియేటర్‌కు పాత తరహా ఆకుపచ్చ కూలెంటే పోస్తాను.

రేడియేటర్ కడిగించి, దాని అంచుల చుట్టూ గాలి తప్పించుకొనే సందులు మూసి, ఫ్యాన్ బెల్టు, ఇగ్నిషన్ టైమింగ్ సరిచేశాకే మూత వంతు. చేతి పంపుతో ఒత్తిడి పెట్టి ముందు బండిని, తరువాత మూతను విడిగా పరీక్షిస్తాను. పెట్టె మీద 10 అని ఉండి 6 దగ్గరే తెరుచుకొనే కొత్త మూతలు కూడా వస్తుంటాయి. వాటిని దుకాణానికి తిప్పి పంపి, సరైనది వచ్చాకే యజమానికి ఫోన్ చేస్తాను.