డి-ఫిల్ము, ఎఫ్-ఫిల్ము: పంటి ఎక్స్‌రేల పోలికలో ఈ వేసవి నమోదులు

మా క్లినిక్కులోకి డిజిటల్ సెన్సర్ వచ్చిన తరువాత డార్క్‌రూమ్‌కు పని లేకుండా పోయింది. కాలేజీ రోజుల్లో నలుపు తెలుపు ఫోటోలు నేనే కడుక్కున్న అలవాటు వలన ఆ గదిని మూసివేయడానికి మనసొప్పలేదు. ఫ్రిజ్‌లో మిగిలిన రెండు రకాల పంటి ఫిల్ములతో ఏప్రిల్ నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం అక్కడే కూర్చుంటున్నాను. తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే. తక్కువ కిరణాలతోనే బొమ్మ పట్టే ఎఫ్-స్పీడు ఫిల్ములో బొమ్మ గరుకుగా, మసకగా వస్తుందని నమ్మి, పదేళ్లపాటు నా పేషెంట్లకు అంతకంటె ఎక్కువ కిరణాలు కోరే డి-స్పీడు ఫిల్మునే వాడాను. 1955 నుంచి ఉన్న కోడాక్ అల్ట్రాస్పీడ్ డి తరగతిది. 2000లో వచ్చిన ఇన్‌సైట్ ఎఫ్ తరగతిది. రెండవదానికి మొదటిదానిలో దాదాపు సగం ఎక్స్‌పోజరు చాలు. అంటే నా నమ్మకం తప్పయితే, ఆ పదేళ్లూ నా కుర్చీలో కూర్చున్న ప్రతివారికీ అవసరానికి రెట్టింపు కిరణాలు ఇచ్చినట్టే. అందుకే ఈ పోలిక నాకు కాలక్షేపాన్ని మించినది.

మనుషుల మీద ఒక్క ఎక్స్‌పోజరు కూడా ఇవ్వలేదు. పీకిన దవడపళ్లు మూడింటిని శుద్ధి చేసి, రంపపు పొట్టు కలిపిన ప్లాస్టరులో నిలబెట్టి, చెంప కండకు బదులుగా ముందు ఒక మైనపు దిమ్మె పెట్టాను. వెండి సిమెంటు నింపిన పళ్లను ఆటోక్లేవులో (ఆవిరితో శుద్ధిచేసే యంత్రంలో) పెడితే పాదరసం ఆవిరవుతుంది కనుక అటువంటివాటిని తీసుకోలేదు. ఒక పంటి వేరులోకి 8, 10, 15 నంబర్ల ఫైళ్లను (వేరు కాలువను శుభ్రంచేసే సన్నటి ఉక్కు సూదులను) వంతులవారీగా దించి ఎక్స్‌రే తీశాను. పదో నంబరు ఫైలు మొన మందం 0.10 మిల్లీమీటర్లు, సన్నటి వివరం ఫిల్ములో నిలిచిందో లేదో చెప్పడానికి అంతకంటె మంచి సాక్షి మా వృత్తిలో లేదు. పక్కనే, ఒక్కొక్కటి ఒక మిల్లీమీటరు చొప్పున పెరిగే పది మెట్ల అల్యూమినియం పట్టీని ఉంచాను. యంత్రం 65 కిలోవోల్టులు, 8 మిల్లీ ఆంపియర్లు, డి-ఫిల్ముకు 0.50 సెకను, ఎఫ్-ఫిల్ముకు 0.25 సెకను. మీట నొక్కేటప్పుడు నేను గోడ వెనుకే ఉన్నాను.

మొదటి ఆదివారం ఫలితం నా పాత నమ్మకాన్నే బలపరిచింది. ఎఫ్-ఫిల్ములో పదో నంబరు ఫైలు వేరు కొసకు ఒక మిల్లీమీటరు ముందే కనిపించకుండా పోయింది, మెట్లపట్టీలో చివరి మూడు మెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అయితే ఏ ఎక్స్‌పోజరూ ఇవ్వని ఎఫ్-ఫిల్మును ఒకదానిని కడిగి లైట్‌బాక్సు మీద పెట్టినప్పుడు అది తేటగా ఉండవలసింది పోయి బూడిదరంగు పొగ కమ్మినట్టుగా ఉంది. కిరణమే తగలని ఫిల్ము నల్లబడిందంటే లోపం డార్క్‌రూమ్‌లోనే ఉండాలి.

ముందుగా డార్క్‌రూమ్ దీపాన్ని అనుమానించాను. రూపాయి బిళ్ల పరీక్ష చాలా సులువు. కొద్దిపాటి కిరణం ముందే తగిలిన ఫిల్ము వెలుతురుకు ఇంకా తొందరగా లొంగుతుంది కాబట్టి, అటువంటి ఫిల్మును ప్యాకెట్టు విప్పి, దీపం కింద బల్ల మీద పరచి, మధ్యలో రూపాయి బిళ్ల పెట్టి, మూడు నిమిషాలు ఆగి కడగాలి. ఎఫ్-ఫిల్ములో బిళ్ల అంచు గుండ్రంగా, స్పష్టంగా పడింది. డి-ఫిల్ములో దాని జాడ కష్టంమీద కనిపించింది. ఏళ్ల తరబడి నేను వాడిన ఎర్రరంగు పూసిన బల్బు డి-ఫిల్ముకు ఎలాగో సరిపోయింది గాని, ఎఫ్-ఫిల్మును ప్రతిసారీ కొంత చెడగొడుతూనే వచ్చింది. దాని బదులు ఎక్స్‌రే ఫిల్ములకు హాని చేయని వెలుతురునే వదిలే జీబీఎక్స్-2 ఫిల్టరు, 15 వాట్ల బల్బు తెచ్చి బల్లకు నాలుగు అడుగుల ఎత్తున బిగించాను. తరువాతి పరీక్షలో బిళ్ల పడలేదు.

రెండవ తప్పు నీళ్లలో ఉంది, దానితోనే మూడు ఆదివారాలు గడిచాయి. మే నెలలో డెవలపరులో (ఫిల్ము మీద బొమ్మను పైకి తెచ్చే మందులో) థర్మామీటరు ముంచితే 33 డిగ్రీలు చూపింది. పట్టిక ప్రకారం ఫిల్మును అందులో ఉంచవలసింది 20 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు, సుమారు 22 దగ్గర నాలుగు, 24.5 దగ్గర మూడు; 33 డిగ్రీలకు నా పట్టికలో లెక్కే లేదు. వేడి డెవలపరు కిరణం తగలని రేణువులను కూడా నల్లబరుస్తుంది, పొగ పెరుగుతుంది, గరుకు పెరుగుతుంది. ట్యాంకును టబ్బులో పెట్టి, సీసాల్లో గడ్డకట్టించిన నీళ్లను చుట్టూ సర్దాను. ఐసు ముక్కలను నేరుగా ట్యాంకులో వేయకూడదు, మందు పలచబడుతుంది. అరగంటకు 22కు దిగింది, నాలుగు నిమిషాలు కడిగాను. కాని చివరి కడుగుకు మిద్దెమీది ట్యాంకు నీళ్లు వాడడం వలన ఒక ఫిల్ము పాడయింది: చల్లటి మందులోంచి వేడి నీళ్లలోకి వెళ్లిన పూత ముడతలుపడి, దాని మీద ఎండిన చెరువు నేలలాగా సన్నటి గీతల వల ఏర్పడింది. అప్పటినుంచి ముందురోజు రాత్రే రెండు కొత్త కుండల్లో నీళ్లు నింపి ఉంచుతున్నాను. నీళ్లు 26 దగ్గర నిలుస్తున్నాయి, ముడతలు మళ్లీ పడలేదు.

జూన్ మొదటి ఆదివారం అసలు పోలిక చేశాను. ఆరు డి, ఆరు ఎఫ్ ఫిల్ములను మా అసిస్టెంటు నాకు తెలియకుండా కలిపి, వెనుక అంకెలు వేసి ఇచ్చింది. పళ్ల బొమ్మ పట్టేంత కిటికీ కోసిన నల్ల అట్టను లైట్‌బాక్సు మీద పరచి, గదిలో దీపాలార్పి చూశాను. పదో నంబరు ఫైలు మొన పన్నెండింటిలోనూ వేరు కొసదాకా కనిపించింది. వేరును చుట్టి ఉండే సన్నటి తెల్లని అంచు మా ప్లాస్టరు దిమ్మెలో ఉండదు గనుక దాని గురించి ఏమీ చెప్పలేను. ఉత్త కంటితో ఏది ఏదో నేను విడదీయలేకపోయాను. ఆరు సరిగ్గా చెప్పాను, ఆరు తప్పాయి. పది రెట్లు చూపే భూతద్దంతో మాత్రం ఎనిమిదో నంబరు ఫైలు దగ్గర తేడా తెలిసింది: డి-ఫిల్ములో గీత అంచు నున్నగా ఉంది, ఎఫ్-ఫిల్ములో కొంచెం ఇసుక చల్లినట్టుగా ఉంది. వైద్యంలో ఆ తేడాతో పని పడే సందర్భం నాకు తోచలేదు.

"డాక్టరుగారూ, మరి మనం ఇన్నాళ్లూ ఎందుకండీ ఎక్కువ సెకన్లు పెట్టాం?" అని ఆమె అడిగింది. దీపం, నీళ్లు అని జవాబు చెప్పి, పాత బల్బును ఆమె చేతే తీయించాను.

డెవలపరు బలం ఎప్పుడు తగ్గుతుందో కనిపెట్టడానికి, ఒకేలా ఎక్స్‌పోజరు ఇచ్చిన ఇరవై మెట్లపట్టీ ఫిల్ములను ఒకేరోజు తీసి ఫ్రిజ్‌లో దాచాను. వారానికొకటి కడిగి మొదటిదాని పక్కన పెడుతున్నాను. రెండు మెట్ల తేడా కనిపించిన రోజున డెవలపరు మార్చాలి. ఆరో వారానికి ఒక మెట్టు తగ్గింది. ఇంకా పద్నాలుగు ఫిల్ములున్నాయి. ప్యాకెట్లలోంచి తీసిన సీసపు రేకులను చెత్తలో వేయకుండా విడిగా డబ్బాలో పోగుచేస్తున్నాను.