‘సిన్స్ త్రీ ఇయర్స్’ వదిలించుకున్న తీరు

మారతహళ్లిలోని ఏ పీజీలోనైనా మనవాళ్లను బెంగళూరులో ఎన్నాళ్లుగా ఉంటున్నారని ఇంగ్లీషులో అడిగి చూడండి. "ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్" అంటారు చాలామంది. నాదీ అదే జవాబు, అది తప్పని తెలిసేదాకా. ఇక్కడ కావలసింది ప్రెజెంట్ పర్ఫెక్ట్. హావ్ లేదా హాజ్, పక్కన వి3 (క్రియ మూడో రూపం) అనే దాని సూత్రం బడిలోనే బట్టీ పట్టాం. నోరు తెరిచేసరికి అదేమీ అక్కరకు రాలేదు.

చిక్కంతా మన ‘నుంచి’తోనే. ‘సోమవారం నుంచి’ అన్నా, ‘మూడేళ్ల నుంచి’ అన్నా మనకు ఒకే మాట. ఇంగ్లీషు వాటిని విడదీస్తుంది: మొదలైన రోజు చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. దానికితోడు మనం ‘ఉంటున్నాను’ అంటాం కాబట్టి వెంటనే ‘ఐ యామ్’ తగులుకుంటుంది. "ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్" అనాలి, లేదా వచ్చిన ఏడు చెప్పి "సిన్స్ 2022" అనాలి. ‘నో’ (know, తెలుసు) లాంటి క్రియలకు ఇంగ్ (-ing) పెట్టకూడదు: "ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టూ ఇయర్స్".

ఇది పట్టుబడ్డాక రెండో జబ్బు మొదలవుతుంది, హావ్‌ను అన్నిచోట్లా చల్లేయడం. "ఐ హావ్ కంప్లీటెడ్ బీటెక్ ఇన్ 2019" అన్నది రెజ్యూమేల్లో కొల్లలు. రోజుకు ఐదు చొప్పున నేను పంపిన మెయిల్స్ తీసి, కనబడ్డ ప్రతి హావ్ కింద గీత గీశాను. అదే వాక్యంలో సిన్స్ లేకుండా యెస్టర్డే, లాస్ట్ వీక్, అగో, ఇన్ 2019 ఉన్నాయా? ఉంటే హావ్ కొట్టేసి మామూలు భూతకాలం రాయడమే. నమ్మ మెట్రో 2011లో మొదలైంది, కాబట్టి "ఓపెన్డ్ ఇన్ 2011". ఇప్పటికీ నడుస్తోంది, కాబట్టి "హాజ్ బీన్ రన్నింగ్ సిన్స్ 2011". ‘వెన్’తో అడిగే ప్రశ్నకూ ఇదే లెక్క: "వెన్ డిడ్ యు జాయిన్?"

మాట్లాడేటప్పుడు గీతలు గీసే తీరిక ఉండదు కదా. అప్పుడు తెలుగునే అడగాలి. వాక్యానికి ‘ఇంకా’, ‘ఇప్పటికే’, ‘ఇప్పటిదాకా’, ‘ఎప్పుడైనా’ అతికితే సాధారణంగా హావ్ పడుతుంది. ‘క్యాబ్ రాలేదు’ అన్నప్పుడు మీరింకా రోడ్డు మీదే నిలబడి ఉంటే "హాజ్ నాట్ కమ్ యెట్". నిన్నటి సంగతైతే "డిడ్ నాట్ కమ్". తెలుగులో రెంటికీ ‘రాలేదు’ ఒక్కటే, అందుకే తడబాటు. గాన్, బీన్ తేడా మాత్రం మనకు పుట్టుకతోనే ఉంది: హోసూరు ‘వెళ్లాడు’, ఇంకా రాలేదంటే గాన్, ‘వెళ్లొచ్చాడు’ అంటే బీన్. ఈ ఒక్కటీ ఏ గ్రామర్ క్లాసులోనూ నాకు ఇలా చెప్పలేదు!

వి3 పట్టిక మొత్తం మళ్లీ బట్టీ కొట్టనక్కర్లేదు. ఆఫీసులో రోజూ జరిగే చిన్న స్టాండప్ మీటింగుల్లో నోరు జారేది "హాజ్ కేమ్", "హావ్ వెంట్", "హావ్ డిడ్" లాంటి పదిపన్నెండు దగ్గరే. కమ్, గాన్, డన్, సీన్, రిటన్, టేకెన్, గివెన్ ముందు హాజ్ చేర్చి బిగ్గరగా అనుకుంటే చాలు. అమెరికా టీమ్ "ఐ జస్ట్ సెంట్ ఇట్" అంటే కంగారు పడొద్దు, అక్కడ అది సరైనదే. ‘ఐ హావ్’ను కుదించిన ‘ఐవ్’లో చివరి వ్ వాళ్ల నోట దాదాపు వినబడదు, అది విని మనం మెయిల్లో "ఐ డన్" అని రాస్తేనే తప్పు.